కరోనా కాలంలో రైతు ఖాతాకు వచ్చిన డబ్బు – ఊళ్లో చదివిన జాబితా



ప్రతి సంవత్సరం ఈ నివేదికలో పొదుపు ఎంత, బ్యాంకు లింకేజీ ఎంత, వసూలు ఎంత అని లెక్కలు రాసుకుంటాము. ఈసారి లెక్కలతో పాటు ఒక చరిత్ర కూడా రాయాలని అనుకున్నాము. కరోనా వచ్చిన 2020లో రైతులకని ప్రభుత్వాలు ఇచ్చిన డబ్బు ఎట్ల వచ్చింది, ఎవరికి అందింది, ఎవరికి అందలేదు, అది మనకు ఎట్ల తెలిసింది అనేదే ఆ చరిత్ర. ఇప్పుడే రాసి పెట్టకపోతే ఇంకో పదేండ్లకు మన పిల్లలకు ఇవన్నీ ఎవరూ చెప్పరు.

ముందు కొంచెం పాత సంగతి చెప్పుకోవాల. చిత్రావతి నీళ్లతో నిండే మన బుక్కపట్నం చెరువు రాజుల కాలం నాటిదని పెద్దోళ్లు చెప్తారు. ఆ కాలంలో చెరువు కట్టిస్తే, దాని సంగతి రాతి మీద చెక్కించి కట్ట దగ్గర నిలబెట్టేవాళ్లు. కడప సీమలో పోరుమామిళ్ల చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఉంది. బుక్కరాయల కొడుకు భాస్కరుడు ఆ చెరువు కట్టించినాడు. రోజుకు వెయ్యి మంది కూలీలు, నూరు బండ్లు, రెండు సంవత్సరాల పని అని అందులో రాసినారు. ఆరు నూర్ల యాభై ఏండ్ల కింద కూడా, పదిమందికి పనికొచ్చే పని చేస్తే దాని లెక్క పదిమందికీ కనబడేచోట ఉండాలనే ఆలోచన ఉండేదన్నమాట. అయితే ఆ వెయ్యి మంది పేర్లు మాత్రం ఆ రాయిలో లేవు. చేయించినవాని పేరు ఉంది, చేసినవాళ్ల పేర్లు లేవు.

పేర్లు కూడా చదవాల అని అడిగింది మనలాంటి పల్లెటూరి ఆడవాళ్లు, కూలివాళ్లే. రాజస్థాన్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ అనే సంఘం ఉంది. అరుణా రాయ్ గారు అందులో పనిచేసినారు. 1994 డిసెంబరులో కోట్ కిరానా అనే ఊళ్లో వాళ్లు అందరినీ ఒకచోట కూర్చోబెట్టి, కరువు పనుల మస్టర్లు గట్టిగా చదివినారు. పనికి రానివాళ్ల పేర్లు కూడా మస్టర్లో ఉన్నాయని అక్కడే బయటపడింది. "మా డబ్బు, మా లెక్క" అని అడిగిన ఆ పోరాటం పెరిగి పెరిగి 2005లో సమాచార హక్కు చట్టం అయింది. ఆ చట్టంలో 4వ సెక్షన్ అని ఉంది. ప్రభుత్వం సబ్సిడీ ఇచ్చే పథకాలలో ఎంత డబ్బు కేటాయించినారు, ఎవరికి ఇచ్చినారు అనేది ఎవరూ అడగకముందే ఆఫీసులు బయట పెట్టాలని అందులో రాసినారు. అంటే జాబితా చూపించమని మనం అడిగితే, అది వాళ్లను బతిమాలుకోవడం కాదు. చట్టం ప్రకారం వాళ్లు ముందే చేసి ఉండాల్సిన పని అది.

మన ఉమ్మడి అనంతపురం జిల్లాకు ఇందులో గొప్ప పేరు ఉంది. ఉపాధి హామీ పథకం దేశంలో మొదలైంది నార్పల మండలం బండ్లపల్లిలో, 2006 ఫిబ్రవరి 2న. అదే సంవత్సరం మన జిల్లాలోనే పెద్ద ఎత్తున సామాజిక తనిఖీ జరిగింది. పల్లె పల్లెకూ పోయి, మస్టర్లు పట్టుకొని, ఇంటింటికీ అడిగి, గ్రామసభలో చదివినారు. అప్పట్లో కూలికి పోయిన అక్కలు ఇప్పటికీ మన సంఘాల్లో ఉన్నారు. మన పేరు మనమే విని, "నేను ఆ వారం పనికే పోలేదు గదా" అని లేచి చెప్పడం మనకు అప్పుడే అలవాటైంది.

ఇంక అసలు విషయానికి వస్తాము.

కేంద్ర ప్రభుత్వం 2019 ఫిబ్రవరి 24న పీఎం కిసాన్ పథకం మొదలుపెట్టింది. భూమి ఉన్న రైతు కుటుంబానికి సంవత్సరానికి 6,000 రూపాయలు, 2,000 చొప్పున మూడు విడతలు. కుటుంబం అంటే భార్య, భర్త, మైనర్ పిల్లలు. మన రాష్ట్ర ప్రభుత్వం 2019 అక్టోబరు 15న రైతు భరోసా మొదలుపెట్టింది. కేంద్రం ఇచ్చే 6,000కు రాష్ట్రం 7,500 కలిపి మొత్తం 13,500 చేసినారు. కేంద్రం పథకంలో కౌలు రైతులకు చోటు లేదు. రాష్ట్రం మాత్రం భూమి లేని ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ కౌలు రైతులకు 13,500 మొత్తం తనే ఇస్తానని చెప్పింది. ఈ తేడా గుర్తు పెట్టుకోండి, ముందుకు పోతే పనికొస్తుంది.

2020 మార్చి 25 నుంచి లాక్‌డౌన్ వచ్చింది. అప్పుడు మన చుట్టుపక్కల ఎట్ల ఉండిందో మీకు తెలుసు. చీనీ తోటల్లో కాయ చెట్టుకే ఉండిపోయింది. కళింగర కాయలు కొనేవాళ్లు లేక చేన్లోనే కుళ్లిపోయినాయి. ధర్మవరంలో మగ్గం ఆగిపోయింది. పట్టుపురుగులు పెంచేవాళ్లు గూళ్లు ఎత్తుకొని హిందూపురం మార్కెట్టుకు పోలేకపోయినారు. కూలికి పోయేవాళ్లకు పని లేదు, పనిచ్చేవాళ్లకు చేతిలో డబ్బు లేదు.

మార్చి 26న కేంద్ర ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ గారు గరీబ్ కల్యాణ్ ప్యాకేజీ ప్రకటించినారు. పీఎం కిసాన్ విడత 2,000 ఏప్రిల్‌లోనే వేస్తామన్నారు. దేశంలో 8.7 కోట్ల మంది రైతులకు అన్నారు. ఆడవాళ్ల జన్‌ధన్ ఖాతాలో నెలకు 500 చొప్పున మూడు నెలలు వేస్తామన్నారు. సంఘాలకు తాకట్టు లేకుండా ఇచ్చే రుణ పరిమితిని 10 లక్షల నుంచి 20 లక్షలకు పెంచినారు. రాష్ట్ర ప్రభుత్వం ఏప్రిల్ 4న బియ్యం కార్డు ఉన్న కుటుంబాలకు 1,000 రూపాయలు ఇంటికే పంపింది. ఏప్రిల్ 24న సంఘాలకు సున్నా వడ్డీ కింద దాదాపు 1,400 కోట్లు విడుదల చేసింది. మే 15న రైతు భరోసా కింద 5,500 వేసింది. అంతకు ముందు పడిన కేంద్రం 2,000తో కలిపి 7,500 అయింది. జూన్‌లో వానొస్తే శెనక్కాయలు వేసుకోవాలి గదా, ఆ డబ్బు సరిగ్గా విత్తనం కాలానికి వచ్చింది. ఇది మంచి పని. ఆ కష్టకాలంలో మధ్యలో ఎవరూ చెయ్యి పెట్టకుండా నేరుగా ఖాతాలో పడడం వల్ల ఎన్నో పొయ్యిలు వెలిగినాయి. ఈ మాట మనం మనసారా చెప్పాల.

కానీ ఒక చిక్కు ఉండింది. చేతికి ఇచ్చే డబ్బు పదిమంది ముందర ఇస్తారు కాబట్టి ఎవరికి వచ్చింది, ఎవరికి రాలేదు అనేది ఊరికి తెలుస్తుంది. ఖాతాలో పడే డబ్బు ఎవరికీ కనపడదు. వచ్చినామె చెప్పదు. రాని ఆమె తన తప్పే ఏదో ఉందనుకొని మెదలకుండా ఉంటుంది. జన్‌ధన్ 500 విషయంలో ఇదే జరిగింది. ఖాతా నంబరు చివరి అంకె 0, 1 ఉన్నవాళ్లు ఏప్రిల్ 3న రండి, 2, 3 ఉన్నవాళ్లు 4న రండి అని రోజులు పంచినారు. మన అక్కలు ఎండలో బ్యాంకు ముందర నిలబడి, లోపలికి పోయినాక "నీది జన్‌ధన్ ఖాతా కాదమ్మా" అనిపించుకొని వచ్చినారు. సంఘం ద్వారా తెరిచిన పొదుపు ఖాతా, జన్‌ధన్ ఖాతా వేరు వేరు అని అంతవరకూ చాలామందికి తెలియదు. ముందే జాబితా ఊళ్లో అంటించి ఉంటే ఆ నడక తప్పేది.

రైతు డబ్బుకు మాత్రం జాబితా ఉంది. పీఎం కిసాన్ వెబ్‌సైటులో రాష్ట్రం, జిల్లా, మండలం, ఊరు ఎంచుకుంటే ఆ ఊరి లబ్ధిదారుల పేర్లు వస్తాయి. రైతు భరోసా జాబితా సామాజిక తనిఖీ కోసం గ్రామ సచివాలయాల్లో పెట్టాలని ప్రభుత్వం చెప్పింది. జాబితా గోడ మీద ఉంది, నిజమే. కానీ గోడ దగ్గరికి పోయి చదివేది ఎవరు? చిన్న అక్షరాలు, వందల పేర్లు, కరోనా భయం. మా గ్రామ సంఘంలో ఒక అక్క సమావేశంలో అడిగింది: "ఏమ్మా, అందరికీ పడింది అంటాండారు, నా పేరు యాడ పోయింది?" ఆ ప్రశ్నకు మా దగ్గర జవాబు లేదు. అప్పుడు మేము అనుకున్నాము, మన సంఘం పుస్తకం ఎట్ల చదువుతామో, ఈ జాబితా కూడా అట్లే చదువుదామని.

లాక్‌డౌన్ సడలించినాక, ముఖానికి మాస్కులు కట్టుకొని, దూరం దూరంగా కూర్చొని చదివినాము. చదువు వచ్చిన ఇద్దరు పిల్లలు ఫోన్లో ఒక్కొక్క పేరు చెప్తుంటే మేము టిక్కు పెట్టుకున్నాము. రెండు పూటలు పట్టింది. ఆ రెండు పూటల్లో మూడు రకాల సంగతులు బయటికి వచ్చినాయి.

మొదటిది, ఉండాల్సిన పేరు లేకపోవడం. అడిగిన అక్క భర్త చనిపోయి సంవత్సరం దాటింది. పాసుబుక్కు ఇంకా ఆయన పేరు మీదే ఉంది. పీఎం కిసాన్‌లో 2019 ఫిబ్రవరి 1 నాటికి భూమి ఎవరి పేరున ఉందనేదే లెక్క. ఆ తర్వాత కొన్నవాళ్లకు రాదు. కానీ మనిషి చనిపోయి వారసులకు వచ్చిన భూమికి ఆ తేదీ అడ్డం రాదు. ఈ నియమం ఆమెకు తెలియదు, మాకూ తెలియదు. ముందు భూమి ఆమె పేరుకు మార్చుకోవాల అని తెలిసినాక తిరగడం మొదలుపెట్టింది. పని అయ్యేసరికి రెండు విడతలు పోయినాయి. దేశం మొత్తం మీద 2015-16 వ్యవసాయ గణనలో ఆడవాళ్ల పేరున ఉన్న సేద్యపు కమతాలు నూటికి 14 దగ్గరే. కలుపు తీసేది, కాయ ఒలిచేది మనమే. పాసుబుక్కులో పేరు లేదు కాబట్టి జాబితాలోనూ పేరు ఉండదు. ఆయన ఉన్నన్నాళ్లూ ఇది తెలియదు, పోయినాక తెలుస్తుంది.

రెండోది, సేద్యం చేసేది ఒకరు, డబ్బు తీసుకునేది ఇంకొకరు. మా సంఘంలో ఒక చెల్లెలు, ఆమె భర్త మూడెకరాలు గుత్తకు చేస్తారు. భూమి సొంతదారు బెంగళూరులో ఉంటాడు. ఆయన పేరు జాబితాలో ఉంది. ఈ చెల్లెలు విత్తనానికి సంఘంలో అప్పు తీసుకుంది. బీసీ కుటుంబం కాబట్టి కౌలు రైతుగా ఆమెకూ 13,500 రావాల. కానీ దానికి పంట సాగుదారు హక్కు పత్రం కావాల. 2019లో వచ్చిన చట్టం ప్రకారం అది 11 నెలలకు రాసుకునే ఒప్పందం, భూమి హక్కుకు దానితో సంబంధం లేదు. కానీ సొంతదారు సంతకం పెట్టాల. "సంతకం పెడితే నా భూమి పోతుంది" అని ఆయన ఒప్పుకోలేదు. ఇట్లాంటి సొంతదారులు మన మండలంలోనే కాదు, రాష్ట్రమంతా ఉన్నారు. మరుసటి సంవత్సరం ఆ నియమం కాగితం మీద తీసుకొని పోయి, ఆయన ఊరికి వచ్చినప్పుడు నలుగురు పెద్దల ముందర చదివి వినిపించినాము. తన డబ్బు ఎక్కడికీ పోదని తెలిసినాక సంతకం పెట్టినాడు. కానీ 2020లో ఆ కుటుంబానికి రావాల్సింది రాలేదు. అది ఇంక రాదు.

మూడోది రాయడానికి మాకు కష్టంగా ఉంది. ఉండకూడని పేరు కూడా కనపడింది. అది పరాయివాళ్లది అయ్యుంటే సులభంగా రాసి ఉంటాము. మా సంఘంలోనే పెద్ద దిక్కు అయిన ఒక అక్క ఇంటిది అది. ఆమె భర్త ఉద్యోగం చేసి రిటైరైనాడు, పింఛను నెలకు 10,000 కంటే ఎక్కువ. అట్లాంటి కుటుంబానికి పీఎం కిసాన్ రాకూడదు. వాళ్లు మోసం చేయాలని చేయలేదు. ఎవరో ఫారం నింపినారు, డబ్బు పడింది, వాడుకున్నారు. ఆ పేరు వచ్చినప్పుడు చదివే పిల్ల ఆగిపోయి మా మొహం చూసింది. మేము కూడా ఒక నిమిషం ఊరుకున్నాము. దాటేసి పోదాము అనిపించింది. కానీ పక్కనే పేరు లేని అక్క కూర్చొని ఉంది. ఆమెకు మేము ఏమని చెప్పాల? చదవమన్నాము. ఆ అక్క ఏమీ అనకుండా లేచి పోయింది. రెండు నెలలు సమావేశానికి రాలేదు. తర్వాత ఆమె భర్తే వ్యవసాయ ఆఫీసుకు పోయి తన పేరు తీసేయమని రాసిచ్చినాడు. ఆమె మళ్లీ వస్తోంది, పొదుపు కడుతోంది. కానీ మునుపటిలాగా మాతో నవ్వుతూ మాట్లాడడానికి చాలా కాలం పట్టింది. జాబితా చదవడం అంటే మంచి పని అని అందరూ అంటారు. దానికి ఇట్లాంటి ఖర్చు కూడా ఉంటుందని మేము దాచకుండా చెప్తున్నాము.

ఇదంతా మన దగ్గరే జరిగిందని అనుకోవద్దు. మన పక్క రాష్ట్రం తమిళనాడులో 2020లోనే పెద్ద గోల జరిగింది. కరోనా వల్ల రైతులు తామే ఆన్‌లైన్‌లో నమోదు చేసుకోవచ్చని సడలింపు ఇచ్చినారు. కళ్లకురిచ్చి, విల్లుపురం, కడలూరు జిల్లాల్లో దళారులు, కంప్యూటర్ సెంటర్ల వాళ్లు ఆఫీసు పాస్‌వర్డులు వాడి, భూమి లేనివాళ్లను కూడా రైతులని ఎక్కించినారు. అయిదు లక్షల మందికి పైగా అనర్హులకు 110 కోట్ల దాకా పోయిందని ఆ ప్రభుత్వమే బయటపెట్టింది. చాలామంది పేదవాళ్లు తమకు ఏదో కరోనా సాయం వస్తోందని నమ్మి ఆధార్ ఇచ్చినవాళ్లు. తర్వాత వాళ్ల ఖాతాల్లో నుంచే డబ్బు వెనక్కి తీసుకున్నారు. 2021లో పార్లమెంటులో చెప్పిన లెక్క ప్రకారం దేశంలో 42 లక్షల మందికి పైగా అనర్హులకు దాదాపు 3,000 కోట్లు పోయినాయి. డబ్బు పోయినాక వెనక్కి రాబట్టడం ఎంత కష్టమో మనకు సంఘం వసూళ్లలోనే తెలుసు.

అమెరికాలో కూడా కరోనా సాయం కింద 2020 ఏప్రిల్‌లో రైతులకు నేరుగా 1,600 కోట్ల డాలర్లు ఇస్తామని ప్రకటించినారు. అక్కడ ఒక స్వచ్ఛంద సంస్థ సమాచార చట్టం కింద ప్రభుత్వం దగ్గర లెక్కలు తీసుకొని, ఏ రైతుకు ఎంత పోయిందో అందరికీ కనపడేటట్టు పెట్టింది. పెద్ద పెద్ద కమతాలకే ఎక్కువ పోయిందని దాంతో తెలిసింది. ఎంత ధనిక దేశమైనా, జాబితా తెరిచి చూస్తేనే సంగతి తెలుస్తుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త కూడా చెప్పాల. లెక్క బయటపెట్టడం వేరు, మనిషి గుట్టు బయటపెట్టడం వేరు. 2018లో మన రాష్ట్రంలోనే ఒక ప్రభుత్వ వెబ్‌సైటులో 1.34 లక్షల మంది ఆధార్ నంబర్లు, బ్యాంకు ఖాతాలు, కులం, మతంతో సహా ఎవరైనా చూసేటట్టు ఉన్నాయని బయటపడింది. అట్ల ఉంటే దొంగలకు దారి చూపించినట్టే. అందుకని మేము చదివింది పేరు, తండ్రి లేదా భర్త పేరు, ఊరు, పడిన మొత్తం. ఆధార్ నంబరు, ఖాతా నంబరు, ఫోను నంబరు ఎప్పుడూ చదవలేదు, రాసుకోలేదు. మీరు కూడా చదవొద్దు.

ఆ తర్వాత ప్రభుత్వం మారింది, పథకం పేరు మారి అన్నదాత సుఖీభవ అయింది. 2025 ఆగస్టు 2న రాష్ట్రం 5,000, కేంద్రం 2,000 కలిపి 7,000 మొదటి విడత పడింది. రేపు ఇంకో పేరు రావచ్చు. మా అనుభవంలో పేరు ఏదైనా చిక్కులు మాత్రం అవే: చనిపోయినవాని పేరు మీద పాసుబుక్కు, సంతకం పెట్టని సొంతదారు, ఆధార్ లింకు కాని ఖాతా, ఉండకూడని పేరు. వీటిని ఆఫీసు ఒక్కటే పట్టుకోలేదు. ఆఫీసుకు కంప్యూటర్లో కాగితం కనపడుతుంది. ఎవరి చేను ఎవరు దున్నుతారో, ఎవరి ఇంట్లో ఎవరు పోయినారో ఊరికి తెలుసు. ఆ రెండూ ఒకచోట కలిసేది జాబితాను గట్టిగా చదివినప్పుడే.

ఇది మనకు కొత్త పని కాదు. మన పంచసూత్రాలలో అయిదోది పుస్తక నిర్వహణ. ప్రతి సమావేశంలో ఎవరు ఎంత కట్టినారు, ఎవరు ఎంత బాకీ అని అందరి ముందర చదువుతాము. బాకీ ఉన్న ఆమెకు ఆ పూట సిగ్గుగా ఉంటుంది. అయినా చదువుతాము, ఎందుకంటే అది అందరి డబ్బు. ప్రభుత్వం డబ్బు కూడా అందరి డబ్బే.

అందుకని ప్రతి గ్రామ సంఘాన్ని మేము కోరేది ఇది. విడత పడిన నెలలో ఒక సమావేశం జాబితా కోసం పెట్టండి. పేర్లు గట్టిగా చదవండి. రానివాళ్ల పేర్లు, కారణం ఒక పుస్తకంలో రాయండి. భర్త పోయిన అక్కచెల్లెళ్ల పాసుబుక్కు ఎవరి పేరున ఉందో ముందే అడగండి. కౌలు చేసేవాళ్లు హక్కు పత్రానికి విత్తనం కాలానికి ముందే పోవాల, తర్వాత కాదు. ఆఫీసులో జాబితా చూపించకపోతే సమాచార హక్కు కింద తెల్లకాగితం మీద రాసివ్వండి. గ్రామ స్థాయి ఆఫీసులో ఫీజు లేదు, మండలంలో 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. పేదరిక రేఖకు దిగువన ఉన్నవాళ్లకు అదీ లేదు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాల.

ఇంకొక్కటి. చదివేటప్పుడు మన ఇంటి పేరు, మన చుట్టం పేరు వస్తే ఆగొద్దు. మేము ఒక నిమిషం ఆగినాము. ఆ నిమిషంలో పేరు లేని అక్క మా వైపే చూస్తా ఉండింది.